వాకిలి దిక్కు కూర్చున్న మనిషి

బీడీలు చుట్టే ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. అలా కూర్చుంటే ముచ్చట సాగుతుంది, తంబాకు డబ్బా అందరి చేతికీ అందుతుంది. అయితే ఆ గుండ్రంలో అన్ని చోట్లూ ఒకటి కావు. ఎవరో ఒకరు వాకిలి దిక్కు ముఖం పెట్టి కూర్చోవాలి. మిగతావాళ్ళు వాకిలికి వీపు పెట్టి నిశ్చింతగా ఆకు కత్తిరించుకుంటారు. పొయ్యి మీది పాలు, ఎండబోసిన మిరపకాయలు, దుమ్ములో ఆడుకునే పిల్లలు, దారిన పోయే కొత్త మనుషులు, అన్నీ ఆ ఒక్క మనిషి చూపులోనే ఉంటాయి.

రేగుంటలో ఆ చోటు గంగామణిది. ఆమెకు ముందు వాళ్ళ అత్త అక్కడ కూర్చునేది. అత్త పోయిన తర్వాత ఎవరూ చెప్పకుండానే గంగామణి చాట ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి అక్కడ కూర్చుంది. ఎవరూ వద్దనలేదు.

ఆమె తల ఎత్తి చూస్తున్నట్టు కనిపించేది కాదు. వేళ్ళు ఆకును చుడుతూ, దారం కడుతూ, కొస మలుస్తూ వాటి పని అవి చేసుకుపోయేవి. ఉన్నట్టుండి, "లచ్చవ్వా, నీ మనుమరాలు మన్ను బుక్కుతున్నది చూడు" అనేది.

లచ్చవ్వ లేచి వెళ్ళి, నోట్లో వేలు పెట్టి మన్ను తీసి, చంటిదాని వీపు మీద ఒకటి ఇచ్చి వచ్చేది.

"గంగామణికి నెత్తి మీద గూడ కండ్లున్నయే" అనేవారు ఎవరో ఒకరు.

"ఉంటె మా ఇంటాయన సాయంత్రమైతె ఎటు పోతుండో చెప్పరాదే జర!" అని ఇంకొకరు. నవ్వులు. తంబాకు ఘాటుకు దగ్గులు. మళ్ళీ నవ్వులు.

గంగామణి కూతురు రవళి. మండలంలోని సర్కారు జూనియర్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి బోరుబండి మీద పనికి ఊళ్ళు పట్టి తిరుగుతాడు, పండుగకో పబ్బానికో వస్తాడు. రవళికి పశువుల డాక్టర్ కావాలని ఉంది. ఈ మాట ఆమె పైకి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం. ఎందుకంటే ఆ కాలేజీ నుంచి ప్రవేశ పరీక్ష రాసి అలాంటి సీటు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. పట్నంలో పెద్ద కాలేజీల పిల్లలు పొద్దున లేచింది మొదలు అదే పరీక్ష కోసం బతుకుతారు. రేగుంట పిల్లలు మధ్యాహ్నం దాకా కాలేజీ, తర్వాత ఆకు కత్తిరింపు, ఆ తర్వాత పుస్తకం. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి బుర్ర ఆరిపోయిన పొయ్యిలా ఉండేది.

ఆ సంవత్సరమే డాక్టర్ విఠల్ వచ్చాడు.

ఆయన మందులిచ్చే డాక్టర్ కాదు, మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్. తానూ సర్కారు బడిలో చదివినవాడే. ఆ సంగతి ఆయన ప్రతి ఊళ్ళోనూ చెప్పేవాడు, చెప్పేటప్పుడు గొంతు నిజంగానే వణికేది. సర్కారు కాలేజీ పిల్లల కోసం ఆయన కనిపెట్టినదాని పేరు 'తోడు'.

జిల్లా కేంద్రంలోని డిగ్రీ కాలేజీ వెనక పాత కెమిస్ట్రీ ల్యాబ్‌ను ఆయనకు ఇచ్చారు. మొదటి జట్టులో ఎంపికైన పిల్లలను తల్లులతో సహా అక్కడికి పిలిపించాడు. తల్లులను చాటలు, ఆకు, తంబాకు వెంట తెచ్చుకోమన్నాడు. యాసిడ్ మరకలున్న బల్లల మధ్య, కుర్చీల్లో కూర్చోలేక నేల మీద కూర్చుని ఆ ఆడవాళ్ళు బీడీలు చుట్టసాగారు. వాళ్ళ నుదుట, పక్కన పాఠం వింటున్న పిల్లల నుదుట సన్నని పట్టీలు. గోడ మీద పెద్ద తెర.

"అమ్మా, చుట్టేటప్పుడు మీరు ఏం ఆలోచిస్తరు?" అని గంగామణిని అడిగాడు విఠల్.

గంగామణి కొంగు సర్దుకుంది. పెద్ద చదువుల మనిషి ముందు ఏమని చెబుతుంది? "ఏం ఆలోచిస్తం సారూ! ఏం ఆలోచియ్యం. చేతులే చేస్కుంట పోతయి. మా పనికి మనసెందుకు?"

మిగతా తల్లులు కూడా తలలూపారు. ఇంటికి వచ్చిన చుట్టానికి "మాది గుడిసె, మీకేం పెట్టగలం" అన్నట్టే అన్నారు ఆ మాట. విఠల్ దాన్ని రాసుకున్నాడు.

తర్వాత తెర మీద రెండు గీతలు చూపించాడు. ఒకటి గాలికి కొట్టుకునే జెండాలా ఎగిరెగిరి పడుతోంది. రెండోది నిలకడగా, ఎత్తుగా సాగిపోతోంది.

"ఈ గంతులేసేది రవళిది. పాఠం వింటున్నది కద, అయినా చూడండి ఎట్ల దుంకుతున్నదో. ఈ రెండోది వాళ్ళ అమ్మది. నిండిన చెరువు లెక్క ఉన్నది. చేతులకు అవసరం లేదు, చదువుకు అవసరం లేదు. ఇంత ధ్యాస ఊరికెనే ఉన్నది." ఆయన కళ్ళు మెరిశాయి. "పట్నం పిల్లలకు పైసలున్నయి. మీ పిల్లలకు మీరున్నరు. ఈ పట్టీ మీ ధ్యాసను తీసుకుంటది, ఆ పట్టీ మీ బిడ్డకిస్తది. ఒకే ఇంట్ల ఏండ్ల తరబడి కలిసి బతికినోళ్ళకే ఇది కుదురుతది."

"నొప్పి ఉంటదా సారూ?" అంది గంగామణి.

"ఏం ఉండదమ్మా."

"నాకు గాదు, పిల్లకు."

మొదటిసారి పట్టీ కట్టుకుని భౌతికశాస్త్రం పుస్తకం తెరిచినప్పుడు రవళికి ఏడుపు వచ్చినంత పనయింది. పక్క బల్ల మీది గుసగుసలు, కిటికీ అవతలి ఆటో, తన కడుపులోని ఆకలి, అన్నీ ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయాయి. పేజీ ఒక్కటే మిగిలింది. నాలుగుసార్లు చదివినా ఎక్కని కటకాల పాఠం కళ్ళ ముందు విప్పి పెట్టినట్టు అర్థమైంది. తెలివి కొత్తగా ఏమీ రాలేదు. ఉన్న తెలివి చెదరకుండా ఒకచోట నిలబడింది, అంతే. ఇన్నాళ్ళూ తను మొద్దునని అనుకుంది. మొద్దును కానని తెలిసిన రోజు అది.

అయితే అప్పుడప్పుడు ఒక అడ్డం వచ్చేది. లెక్క మధ్యలో సంబంధం లేనిదేదో తగిలి పోయేది. ఒక వాసన, ఒక తొందర, 'అటు చూడు' అన్నట్టు ఒక చిన్న గుంజుడు. విఠల్ దానికి 'నలక' అని పేరు పెట్టాడు.

"కంట్ల నలక పడితె ఏం చేస్తరు? తుడుచుకుంటరు. ఇదీ అంతే. తోడు దగ్గర మిగిలిపోయిన చెత్త అది. బొటనవేలు చూపుడువేలి మీద నొక్కి, ఊపిరి వదిలి, తుడిచేయండి. దాని దిక్కు చూస్తె మీ పని చెడుతది."

రోజూ సాధన చేయించేవారు. నెల తిరిగేసరికి పిల్లలకు రెప్ప కొట్టినంత అలవాటైపోయింది.

రవళి పక్కన కూర్చునే నస్రీన్‌కు తోడు వాళ్ళ అమ్మమ్మ. "నీకు నయమే తల్లీ" అనేది నస్రీన్ టిఫిన్ డబ్బా తెరుస్తూ. "మా నాని ధ్యాసల ఎప్పుడు చూసినా ఉల్లిగడ్డ వేగిన వాసనే. జీవశాస్త్రం చదువుతుంటె నోట్ల నీళ్ళూరుతున్నయి. కప్ప బొమ్మ చూసినా ఆకలైతున్నది!"

"థూ, చెప్పకే" అని రవళి నవ్వింది.

"మీ అమ్మది ఏం వస్తది?"

రవళి ఆలోచించింది. చెప్పడానికి ఏమీ దొరకలేదు. నలక రాగానే తుడిచేయడం తప్ప, అదేమిటో చూసింది ఎప్పుడు?

రవళి చదివే వేళల్లో గంగామణి ఇంటి దగ్గరే పట్టీ కట్టుకునేది. ఇంట్లో మార్పు మెల్లగా వచ్చింది. పాలు పొంగిపోయాయి. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. "అమ్మా, అన్నం పెట్టు" అంటే గంగామణి చాలాసేపటికి "ఆఁ" అనేది. ఆ "ఆఁ" ఎక్కడో చెలక అవతలి నుంచి వచ్చినట్టు ఉండేది. బీడీలు మాత్రం ఎప్పటిలా చక్కగా, ఒకే లావున వచ్చేవి. అది చూసి అందరూ ఏమీ కాలేదనే అనుకున్నారు.

"ఏందే గంగామణీ, పిలిస్తె పలుకవు? పెద్ద సదువుల పడ్డవా?" అనేవాళ్ళు గుండ్రంలో.

పట్టీ తీసిన తర్వాత ఆ మాట గుర్తు చేస్తే గంగామణి మురిసిపోయేది. "అవునే. చిన్నప్పుడు నన్ను బడికి తోలకపోయిరి. ఇప్పుడు దినాం పోతున్న." అని, కూతురి దిక్కు తిరిగి, "ఇయ్యాల ఏం సదివినమే మనం?" అని అడిగేది.

"కిరణజన్య సంయోగక్రియ."

"అంటె?"

"ఆకు ఎండను తిని బతుకుతది కద, అది."

"గట్లనా! మరి నన్నడిగితె నేను చెప్పకపోదునా? తునికాకు చూసి చెప్పచ్చు ఎంత ఎండ తిన్నదో" అని నవ్వేది.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. గంగామణి పట్టీ కట్టుకుని కూడా వాకిలి దిక్కే కూర్చుంటోంది. అది ఆమె చోటు. ఆమెను లేచి ఇటు రమ్మనాలని ఎవరికీ అనిపించలేదు. తను లేవాలని ఆమెకూ అనిపించలేదు. ముఖం అటే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంకేం కావాలి?

పెద్ద పరీక్షకు ముందు కాలేజీలో గ్రాండ్ టెస్ట్ పెట్టారు. అసలు పరీక్షలాగే కంప్యూటర్ల ముందు, మధ్యాహ్నం పూట. పట్టీ కట్టుకుని రాయడానికి అసలు పరీక్షలోనూ అనుమతి ఉంది.

ఆ రోజు ఉన్నంత తేటగా రవళి ఎన్నడూ లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం నీళ్ళలా జారిపోయాయి. భౌతికశాస్త్రం మొదలైంది. వాలు బల్ల మీద జారే దిమ్మె లెక్క. బాణాలు గీసుకుంది. రాపిడి ఇటు, బరువు అటు. అంతలో నలక తగిలింది.

ఆకుపచ్చగా, తడిగా ఏదో మెరిసినట్టు. దాంతోపాటు కాళ్ళలో ఒక బిగువు, కుర్చీలోంచి లేవబోయినట్టు.

రవళి బొటనవేలు నొక్కింది. ఊపిరి వదిలింది. పోయింది.

మరుక్షణంలో మళ్ళీ వచ్చింది. ఈసారి ఎప్పుడూ లేనంత గట్టిగా, జుట్టు పట్టి గుంజినట్టు వచ్చింది. మోకాలు వెళ్ళి బల్లకు కొట్టుకుంది. పక్కన నస్రీన్ తిరిగి చూసింది. రవళికి కోపం వచ్చింది. ఇవాళ కాదు, ఇప్పుడు కాదు అనుకుని పళ్ళు బిగబట్టి తుడిచేసింది.

ఆ తర్వాత మరి రాలేదు. దిమ్మె లెక్క జవాబు వచ్చింది. దాని తర్వాతిదీ వచ్చింది. టెస్ట్ అయ్యాక తెర మీద మార్కులు వెలిగాయి. కాలేజీలో అన్నిటికంటే పైన ఆమె పేరు ఉంది. లెక్చరర్ సారు వచ్చి తల నిమిరాడు. నస్రీన్ ఎగిరి గంతేసింది. బస్సులో ఇంటికి వస్తూ రవళి ఈ వార్త అమ్మకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉంది.

వీధి మొగదల జనం కనిపించారు. ఏడుపులు వినిపించాయి.

గంగామణి వాకిట్లో ఆకు నానబెట్టే గోలెం ఉంది. నడుము ఎత్తు సిమెంటు తొట్టి. పక్కన ఎవరో ఆకు సంచి మూట పెట్టారు. లచ్చవ్వ మనుమరాలు మిన్నుకు ఆకు ముక్కలు నీళ్ళ మీద పడవల్లా వదలడం ఇష్టం. రోజూ కింద నుంచి విసిరేది. ఆ రోజు మూట ఎక్కింది.

గుండ్రంలో ఐదుగురు ఉన్నారు. నలుగురి వీపులు గోలెం దిక్కు. గంగామణి ముఖం గోలెం దిక్కు. లచ్చవ్వ నీళ్ళు తాగుదామని లేచి వెనక్కి తిరిగినప్పుడే సంగతి తెలిసింది. అందరూ కేకలు పెట్టి పరుగెత్తారు. గంగామణి మాత్రం ఇంకా బీడీ చుడుతూనే ఉంది. ఎవరో వచ్చి నుదుటి పట్టీ పీకి పారేశాక ఆమె రెప్పలు కొట్టుకుని చుట్టూ చూసి, "ఏమైందే?" అని అడిగింది.

ఆ "ఏమైందే"ను ఊరు క్షమించలేదు.

"కండ్ల ముందట మునుగుతుంటె సూస్కుంట కూసున్నదట."

"బిడ్డ ర్యాంకు కోసం పక్కింటి బిడ్డను మింగింది."

పిల్ల తల్లి కూలికి పోయి వచ్చి, వాకిట్లో తల బాదుకుంది. గంగామణి ఆమె కాళ్ళ మీద పడబోతే నలుగురు పట్టుకుని ఇవతలికి లాగారు. అధికారులు వచ్చి చూసి, పిల్లలను పెద్దలు కనిపెట్టుకోవాలని చెప్పి, ప్రమాదమని రాసుకుని వెళ్ళారు. తోడు ఇచ్చే తల్లులు ఇక మీదట మంచం మీద పడుకుని ఉండాలని ఒక కొత్త నియమం వచ్చింది.

బీడీల గుండ్రం వేరే వాకిట్లోకి మారిపోయింది. గంగామణి తన వాకిట్లో ఒక్కతే కూర్చునేది. అదే చోట, అదే దిక్కు. అక్కడికి ఇప్పుడు ఏ పిల్లా రాదు. గోలెం బోర్లించి ఉంది. చాట ఒళ్ళో ఖాళీగా ఉండేది.

"నేను చూస్తనే ఉంటి గదనే" అనేది కూతురితో. "కండ్లు తెరిచే ఉంటి. మరి ఎట్ల కనబడలే? నా కండ్లకేం రోగం పుట్టింది?"

రవళి కంచం పక్కకు జరిపేది. ఆ మధ్యాహ్నం, ఆ రెండు నలకలు. కాళ్ళలో ఆ బిగువు ఎవరిదో ఇప్పుడు ఆమెకు తెలుసు. అమ్మ లేవబోయింది. లేవాలన్న ఆ తొందర అమ్మ కాళ్ళకు అందకుండా కాలేజీకి, తన కుర్చీలోకి వచ్చింది. వచ్చి, తన మోకాలిని బల్లకు కొట్టించింది. తను కోప్పడింది.

మరుసటి వారం ఆమె ఒక్కతే బస్సెక్కి ల్యాబ్‌కు వెళ్ళింది. అంతకుముందు ఏ సారుతోనూ తనంతట తాను మాట్లాడి ఎరుగదు. బల్ల అంచు పట్టుకుని, తల వంచుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది.

విఠల్ ముఖం పాలిపోయింది. లేచి కంప్యూటర్‌లో ఆ రోజు గీతలు వెతికి తీశాడు. గంగామణి గీత ఒకచోట నిట్టనిలువుగా లేచి ఉంది. ఆ వెంటనే రవళి గీతలో ఒక గంటు. మళ్ళీ ఒకటి. తర్వాత రెండూ నున్నగా సాగిపోయాయి.

"నేను అడిగిన కద" అన్నాడు చివరికి, తనలో తాను. "చుట్టేటప్పుడు ఏం ఆలోచిస్తరని అడిగిన. ఏం ఆలోచియ్యమన్నది."

"మీ ముందట ఎట్ల చెప్తది సార్?" అంది రవళి. "పిల్లలను చూసుడు, పాలు చూసుడు, అదంతా ఆలోచన అని మా అమ్మకు తెల్వదు."

ఆయన తల పట్టుకున్నాడు. అలాగే కూర్చుని, ఆ తర్వాత మెల్లగా ఆ గంటు మీద వేలు పెట్టాడు. "ఇది చెత్త అనుకున్న. కాదు. చూసిన వస్తువుతో సహా వస్తున్నది ధ్యాస." ఆయన గొంతులో దుఃఖం ఉంది. దాని అడుగున ఇంకేదో కదలడం కూడా రవళి విన్నది. "దీన్ని మధ్యలనే ఆపచ్చు. జల్లెడ లెక్క ఒకటి పెడితె మీ దాకా రానే రాదు. పరీక్ష వచ్చేలోపల చేస్త. మళ్ళ ఇట్ల జరగదు."

"మాకు రాకుంటె అది ఎటు పోతది సార్?"

విఠల్ గీతలున్న తెర ఆపేశాడు.

"మా అమ్మది తప్పు కాదని ఊర్లె చెప్తరా?"

"చెప్తె 'తోడు' ఆగిపోతది రవళీ. పరీక్ష ముందర ఆపేస్తరు. మొత్తం జిల్లాల ఇన్ని వందల మంది పిల్లలు... వాళ్ళకు వచ్చిన ఒక్క మోకా. నువ్వు కూడ." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను చెప్పను అంటలేను. చెప్పాల్నా వద్దా నువ్వే చెప్పు."

అంత బరువును ఆయన పదిహేడేళ్ళ పిల్ల చేతిలో పెట్టాడు. రవళి బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

పరీక్ష దగ్గరికి వచ్చింది. ముందురోజు సాయంత్రం గంగామణి కూతురికి తల దువ్వుతోంది. చిక్కు తీస్తూ తీస్తూ దువ్వెన ఆగిపోయేది. అలా ఆగినప్పుడు రవళి చెప్పింది.

"అమ్మా, నువ్వు చూసినవే."

"ఏంది?"

"మిన్నును. నువ్వు చూసినవ్. లేవబోయినవ్ గూడ. ఆ చూపు నీకాడ ఆగలె, పట్టీలకెళ్ళి నాకొచ్చింది. రెండుసార్లొచ్చింది. నేను తుడిచేసిన."

దువ్వెన కింద పడింది. గంగామణి చుట్టూ తిరిగి వచ్చి కూతురి ముందు కూర్చుంది. ఆమె ముఖం చూసి రవళి భయపడింది. ఎన్నో రోజులుగా బిగుసుకుపోయి ఉన్న ముఖం ఒక్కసారి వదులై, పసిపిల్ల ముఖంలా అయింది.

"అయితె నేను చూసిన్నా?"

"చూసినవ్."

"లేవబోయిన్నా?"

"అవునమ్మా."

గంగామణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చచ్చిన పిల్ల కోసం అన్నిరోజులూ ఏడ్చిన ఏడుపు కాదది. ఊపిరి ఆడనివాడికి ఊపిరి అందినప్పటి ఏడుపు. రవళి ఆమె మోకాళ్ళ మీద తల పెట్టింది.

ఆ ఏడుపు ఎక్కువసేపు నిలవలేదు. ఉన్నట్టుండి గంగామణి చేతులు కూతురి భుజాల మీద బిగుసుకున్నాయి. తన మీది నుంచి జారిన బండ ఎవరి మీద పడిందో ఆమెకు అప్పుడు కనిపించింది.

"ఎవలకన్న చెప్పినవానే?"

"విఠల్ సార్‌కు."

"ఇంక ఎవలకు చెప్పకు." కళ్ళు తుడుచుకుంది. గొంతు మారిపోయింది. "నేను చూడలేదు. ఇన్నవా? అలవాటుల కండ్లు తెరుచుకుని కూసున్న, నాకేం కనబడలె. గంతే. రేపు నువ్వు పరీక్ష రాయి."

"అమ్మా..."

"నోరు ముయ్యి. నా బతుకు బీడీల కాడ్నే తెల్లారింది, నన్నేమన్నా నాకేమైతది? నువ్వు బయటికి పోవాలె. ఒక పిల్ల పోయింది. ఇంకో పిల్ల పోవద్దు."

తెల్లవారి గంగామణి తనే పట్టీ తీసి నుదుట కట్టుకుంది. నియమం ప్రకారం మంచం మీద పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుంది. "పో బిడ్డా" అంది. గడప దాటి రవళి తన పట్టీ బిగించుకున్నాక వెనక్కి తిరిగి చూసింది. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంటి కప్పును చూస్తున్నాయి.

పిల్లలను పరీక్ష కేంద్రానికి తీసుకుపోయే బస్సు రోడ్డు మీద ఆగి ఉంది. కిటికీలోంచి నస్రీన్ చెయ్యి ఊపింది. "జల్ది రావే! ఇయ్యాల ఉల్లిగడ్డ వాసన కూడ లేదు. కొత్త జల్లెడ పెట్టిండంట సారు. ఎంత సాఫ్‌గ ఉన్నదో!"

సాఫ్‌గానే ఉంది. రవళి సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎంత తేట! సూత్రాలన్నీ బారులు తీరి నిలబడ్డాయి. అందులో ఎక్కడో అమ్మ ఉంటుందేమోనని వెతికింది. ఒక తొందర, ఒక గుంజుడు, ఏదైనా. ఏమీ లేదు. కడిగిన గిన్నెలా ఉంది. అమ్మ ఇంటి దగ్గర దేన్ని చూసి ఉలిక్కిపడినా, ఇప్పుడది ఆమెకూ అందదు, తనకూ అందదు. మధ్యలో ఎక్కడో జల్లెడ మీద ఆగి ఆరిపోతుంది.

కళ్ళు తెరిస్తే రోడ్డు అవతల లచ్చవ్వ ఇల్లు. గడప మీద లచ్చవ్వ కూర్చుని ఉంది. దండెం మీద చిన్న గౌను ఇంకా అలాగే వేలాడుతోంది. ఎవరూ తీయలేదు.

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. రవళి నుదుటి పట్టీ విప్పి నస్రీన్ ఒళ్ళో పెట్టింది.

"ఏందే ఇది? యాడికి? రవళీ! పిచ్చి లేసిందా? ఈ యేడు పోతె మళ్ళ..."

ఆమె దిగిపోయింది. వెనక నస్రీన్ ఇంకా పిలుస్తూనే ఉంది. తల తిప్పితే ఎక్కేస్తానని భయపడి తిప్పలేదు. రోడ్డు దాటి వెళ్ళి లచ్చవ్వ ముందు నిలబడింది.

లచ్చవ్వ తలెత్తింది. "పరీచ్చకు పోలేదానే?"

"లచ్చవ్వా, మా అమ్మ చూసింది."

ముసలామె కళ్ళు చిన్నవయ్యాయి.

"మిన్ను నీళ్ళల్ల పడ్డప్పుడు మా అమ్మ చూసింది. లేవబోయింది. ఆమె ధ్యాస నాకిచ్చుకున్నది కద, అందుకని ఆ చూసింది ఆమెకు తెల్వలె. నాకొచ్చింది. కాలేజీల కూసోని ఉన్న నాకొచ్చింది. లెక్క చెడుతదని నేను దాన్ని తుడిచేసిన. తప్పు అమ్మది కాదు లచ్చవ్వా. నాది."

బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. కాసేపు ఆగి కదిలి వెళ్ళిపోయింది. దాని దుమ్ము వచ్చి ఇద్దరి మీదా వాలింది.

కొడుతుందని, తిడుతుందని, ఊరంతా వినేలా అరుస్తుందని రవళి కాచుకుని నిలబడింది. లచ్చవ్వ అదేమీ చేయలేదు. గడప మీద నుంచి లేచి, తడబడుతూ వచ్చి, రవళి రెండు చేతులూ పట్టుకుంది. ఆ వేళ్ళు తంబాకు పట్టి పసుపుపచ్చగా ఉన్నాయి.

"అయితె నువ్వు చూసినవ్" అంది. "నేను అంత దగ్గరనే వీపు పెట్టుకోని కూసుంటి. నాకేం ఇనబడలె బిడ్డా. నువ్వు చూసినవ్ కద, చెప్పు. నా పిల్ల ఏడ్చిందా? అవ్వా అని నన్ను పిలిచిందా? ఎటు దిక్కు చూసింది?"

రవళి ఆ మధ్యాహ్నాన్ని తవ్వుకుంది. వాలు బల్ల, దిమ్మె, బాణాలు, జవాబు. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి నడుమ ఆకుపచ్చని ఒక తడి మెరుపు, అంతకంటే ఏమీ లేదు.

లచ్చవ్వ ఆమె చేతులు వదలకుండా ముఖంలోకి చూస్తూ ఉంది.

"తెల్వదు లచ్చవ్వా" అంది రవళి. "చూడకముందే తుడిచేసిన."